పొర చెదరని గిన్నె

వీధిలో అందరూ అతన్ని జిగురాయన అనేవారు. తల్లి పెట్టిన పేరు ఏమిటని అడిగితే ఎదురింటి దర్జీ కూడా కాసేపు ఆలోచించవలసిందే. పుస్తకాలకు అట్టలు కట్టడం అతని వృత్తి. మామగారి కొట్టులో పని నేర్చుకుని, మామగారి పెద్దకూతుర్ని చేసుకుని, ఆయన పోయాక ఆ కొట్టునే నడుపుకొస్తున్నాడు. పేజీలు రాలిపోతూ వచ్చిన పుస్తకాన్ని విప్పి, కుట్టి, వెన్నుకు గుడ్డ అంటించి, బరువు కింద పెట్టి మర్నాటికి నిటారుగా నిలబెట్టేవాడు. మాటలు తక్కువ. చేతిలో పుస్తకం ఉంటే అవీ ఉండవు.

డబ్బాలో దొరికే జిగురంటే అతనికి గిట్టదు. గోధుమపిండిని చన్నీళ్లలో కలిపి, సన్నని సెగ మీద, చెయ్యి ఆపకుండా తిప్పి తనే కాచుకునేవాడు. దించేముందు పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసేవాడు. కడుపులోకి పోతే అది విషం. అందుకే కాపురానికి వచ్చిన కొత్తలోనే భార్య ఒక శాసనం చేసింది: జిగురు గిన్నె వంటింటి గడప తొక్కకూడదు. పెరట్లో దాని పొయ్యి దానికి, దాని గరిటె దానికి. ఆలుమగలన్నాక ఎన్నింటిమీదో పోట్లాడుకున్నారు గానీ ఆ శాసనం జోలికి మాత్రం అతను పోలేదు.

ఆమె టైఫాయిడ్‌తో మంచం పట్టాక ఇంట్లో శాసనాలన్నీ మూలపడ్డాయి. మంచానికీ పొయ్యికీ మధ్య తిరగలేక జిగురు గిన్నెను కూడా వంటింట్లోకే తెచ్చేశాడు. ఒక పక్క జిగురు, ఒక పక్క ఆమెకు పథ్యం. అడిగేవాళ్లెవరు?

జ్వరం పోయింది కానీ ఆకలి తిరిగి రాలేదు. రెండు చెంచాలు మింగి మొహం గోడవైపు తిప్పేసేది. ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చి ముక్కులోంచి గొట్టం వెయ్యాలని డాక్టరు చెప్పాడు. ఆ మాట విన్నప్పటినుంచీ అతనికీ ముద్ద దిగడం లేదు.

తియ్యటి మందులు తాగి తాగి పంచదార వాసనకే ఆమెకు కడుపులో తిప్పేది. కారం నోరు మండించేది, చప్పిడి గొంతు దిగేది కాదు. పక్క సందులో ఉండే మరదలు ఒక ఉపాయం చెప్పింది. ఓట్స్ జావ కాచమంది. పంచదార పలుకు కూడా పడకూడదట. గింజ తీసిన ఖర్జూరాలు గోరువెచ్చని పాలలో నానబెట్టి, బాగా మగ్గిన అరటిపండుతో కలిపి మెదిపితే ఆ తీపే చాలునంది.

మొదటిరోజు అతను మరుగుతున్న పాలలో ఓట్స్ ఒక్కసారిగా గుమ్మరించాడు. గోళీల్లాంటి ఉండలు కట్టింది. మరదలు గిన్నెలోకి తొంగిచూసి, "జన్మంతా జిగురు కాచిన చెయ్యి కదా బావా, ఇదేమిటి మరి?" అంది.

మాట గుచ్చుకున్నా దారి చూపించింది. మర్నాడు ఓట్స్‌ను వేయించి పొడి చేసి, చల్లటి పాలలో కలిపి, అప్పుడు పొయ్యి మీద పెట్టాడు. సన్నని సెగ. గరిటె అడుగు తాకుతూ తిరగాలి, ఆగకూడదు. ఇదంతా తెలిసిన పనే, గిన్నెలో సరుకే వేరు. ఆమె నాలుగు చెంచాలు తిని, నాలుక మీద పొట్టు తగులుతోందంది. ఆ మర్నాడు పలుచటి గుడ్డలో వడకట్టాడు. మెదిపిన ఖర్జూరం, అరటిపండు కలిపి మళ్లీ కాస్త సెగ చూపించాడు. జావ వెన్నలా జారింది. లేత గోధుమరంగులో, ఎక్కడా పలుకన్నది లేకుండా.

ఆ పొద్దున ఆమె గిన్నె ఖాళీ చేసింది. చెంచాతో అడుగు గీకిన చప్పుడు వంటింట్లోకి వినిపించింది. అతను గబగబా జిగురుకని పొయ్యి మీది గిన్నె సంచిలో పెట్టుకుని, దారిలో దర్జీ దగ్గర ఆగి మరీ ఆ సంగతి చెప్పి, కొట్టు తెరిచాడు.

అంత హుషారుగా పనిచేసి చాలాకాలమైంది. వరసగా పుస్తకాల వెన్నులకు జిగురు రాసి గుడ్డలు అంటించాడు. కానీ గుడ్డకు పట్టు చిక్కడం లేదు, జారిపోతోంది. వేలికి తీసుకుని బొటనవేలితో నలిపి చూశాడు. సాగలేదు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అరటిపండు వాసన.

బల్ల కాలు వెంబడి అప్పటికే చీమలు బారు తీరి పైకెక్కుతున్నాయి.

జావ ఇక్కడుంటే, ఆమె గీకి గీకి తిన్నదేమిటి?

మైలుతుత్తం వేశాడా లేదా అని గుర్తు చేసుకోబోయాడు. వేశాడు. రెండు వేళ్ల మధ్య ఆ నీలిపొడి గరగర ఇంకా తెలుస్తూనే ఉంది. తలుపు వేసే ధ్యాస కూడా లేకుండా పరిగెత్తాడు. దర్జీ ఏదో అడిగాడు కానీ చెవికెక్కలేదు.

ఆమె కళ్లు మూసుకుని పడుకుని ఉంది. మంచం పక్కన మరదలు బట్టలు మడతపెడుతోంది. అతను గుమ్మం పట్టుకుని, రొప్పుతూ, "కడుపులో మంటగా ఉందా? వికారంగా ఉందా? నిజం చెప్పు" అన్నాడు.

ఆమె కళ్లు తెరిచి అతని చేతుల వంక, వేళ్లకు అంటుకున్న జావ వంక చూసింది.

"ఆకలిగా ఉందండీ" అంది. "మిగిలింది మధ్యాహ్నానికి ఉంచుతారనుకుంటే, చెల్లికి కనబడలేదట, ఎటు మాయం చేశారు?"

అతను తిన్నగా వంటింట్లోకి వెళ్లాడు. పొయ్యి మీద రెండో గిన్నె మూతపెట్టి అలాగే ఉంది. మూత తీశాడు. ఆరిన జిగురు మీద పొర, డప్పుకు బిగించిన తోలులా, అంచునుంచి అంచుకు నున్నగా పరుచుకుని ఉంది. గరిటె తగిలి ఉంటే ఎక్కడో ఒకచోట చిరగాలి. చెదరలేదు. ఆమెకు వడ్డించింది జావే. తర్వాత ఆ మిగిలిన జావనే జిగురనుకుని కొట్టుకు మోసుకుపోయాడు.

అతను మూత మళ్లీ పెట్టి, పక్కనున్న పీట మీద కూర్చున్నాడు. తన చెయ్యి రెండింటినీ ఒకేలా కాచింది. అదే ఇంత పని చేసింది.

మరదలు వచ్చి చూసి సంగతి రాబట్టింది. అతను ముక్కలు ముక్కలుగా చెప్పాడు. మరదలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "అక్కకి అట్ట కట్టేద్దామనుకున్నావా బావా?" అంది. మంచం మీదినుంచి నవ్వు వినిపించింది. నీరసంగా మొదలై, దగ్గులో పడి, మళ్లీ తేరుకుని కొనసాగింది. ఆ నవ్వు అతను మర్చిపోయి ఎన్నాళ్లయిందో.

నవ్వు ఆగాక ఆమె గొంతు మారింది. "అసలు జిగురు గిన్నె నా వంటింట్లోకి ఎలా వచ్చింది?"

అతను లేచి, గిన్నెను రెండు చేతులతో పట్టుకుని పెరట్లోకి నడిచాడు. గరిటె కూడా తీసుకెళ్లమని వెనకనుంచి ఆజ్ఞ. వెనక్కి వచ్చి తీసుకెళ్లాడు. చేతులు సబ్బుతో కడుక్కోమని ఇంకో ఆజ్ఞ. కడుక్కున్నాడు. ఇన్నాళ్లూ ఎవరూ ఏమీ చెప్పని ఇంట్లో ఎంత భయంగా తిరిగాడో అప్పుడు తెలిసింది.

కొట్టులో వెన్నులన్నీ తడిగుడ్డతో తుడిచి మళ్లీ మొదలెట్టాలి. అంతవరకూ చీమలు తినగలిగినంత తిననీ. అతను పాలు కాచి, ఖర్జూరాలు నానబెట్టి, ఓట్స్ డబ్బా మూత తిప్పాడు.

"ఈసారి కాస్త గట్టిగా కాచండి" అంది ఆమె మంచం మీదినుంచి. "పొద్దున పలుచనైంది."