రాయిని తట్టి వినే బావ

మా అక్క భర్త బోధన్ వైపు ఒక చక్కెర మిల్లు వర్క్‌షాపులో ఇనుము అరగదీసే చేతి గ్రైండర్ పట్టేవాడు. దానికి కొత్త రాయి, అంటే చక్రంలా తిరిగే సానబిళ్ల, బిగించే ముందు ప్లగ్గు పీకేసి, రాయిని వేలికి తగిలించుకుని, స్క్రూడ్రైవర్ కర్రపిడితో మెల్లగా తట్టి వినేవాడు. ఖంగుమంటే మంచిది. బొంగురుగా పలికితే లోపల పగులున్నట్టు. అలాంటి రాయి తిరిగేటప్పుడు ముక్కలై మీదికి ఎగురుతుంది. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. సంతలో కుండ కొన్నా, చాయ్ కప్పు అందుకున్నా ముందు తట్టేవాడు. మేం నవ్వేవాళ్లం.

ఒక ఏడు చెరకు ఆడే రోజుల్లో ఆయన ఒక రాయిని తట్టి, తలూపి, బిగించబోయాడు. పక్కనున్న ఫిట్టర్ చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, గది పలిగిన రాయి! ఇనవడ్తలేదా?"

బావ మళ్లీ తట్టాడు. మంచి రాయి తెప్పించుకుని అదీ తట్టాడు. ఆయనకు రెండూ ఒక్కతీరుగానే ఉన్నాయి. ఏళ్ల తరబడి గ్రైండర్ మోత ఆయన చెవులను తినేసింది.

"ఎవ్వలికి చెప్పకన్నా. రాళ్లు నేను ఇని ఇస్త," అన్నాడు ఫిట్టర్.

"నువ్వు రాని దినం ఎట్ల? పలిగితే అది నన్నొక్కన్నే కొడ్తదా?"

ఆయనే ఫోర్‌మన్ దగ్గరికి పోయి గ్రైండర్ అప్పగించాడు. మర్నాటి నుంచి చెరకు పిప్పి ఎత్తమన్నారు.

ఆ సాయంత్రం వాకిట్లో అక్కకు అంతా చెప్పాడు. "నీ మాట సుత సరిగ ఇనవడ్తలేదు. పెదవులు సూసి అందుకుంటున్న," అని అటు తిరిగి మొహం కడుక్కోబోయాడు. వెనక నిలబడి అక్క గొల్లున ఏడ్చింది. ఆయన నిమ్మళంగా నీళ్లు చల్లుకుంటూనే ఉన్నాడు.