సత్యం అన్న బండికి బ్రేకు పడింది

నిన్న పొద్దున సత్యం అన్నకి ఫోన్ చేశాను. కొత్త బ్రేకుల టెస్ట్ రైడ్ ఎలా అయిందో అడుగుదామని.

ఎత్తింది అన్న కాదు.

"భయ్యా, ఆప్ ఇన్‌కే ఘర్ సే హో?" మీరు వీళ్ళింటివాళ్ళా అని ఎవరిదో ముసలి గొంతు. ఆరావళి కొండల్లో మేకలు కాసుకునే పెద్దాయన. దారి పక్కన ఒక మనిషి పడుకుని ఉన్నాడు, ఎంత లేపినా లేవడం లేదు అన్నాడు.

ఇంకెవరి గురించో చెబుతున్నాడనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

హాస్పిటల్‌లో డాక్టర్ గుండెపోటు అన్నారు. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు.

అన్న భార్య లలితక్క ఏడవలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఒకటే అడిగింది.

"బ్రేకు పడలేదేటి తమ్ముడూ? నా వల్లేనేటి?"

పక్కనున్నవాళ్ళకి ఆ మాట అర్థం కాలేదు. ఒకరిద్దరు గుసగుసలాడుకోవడం నేను విన్నాను. అందుకే ఈ పోస్ట్ రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి.

సత్యం అన్నది విజయనగరం. ఎయిర్‌ఫోర్స్‌లో చేసి, రిటైరయ్యాక ఊరికి వెళ్ళకుండా ఇక్కడ మయూర్ విహార్‌లోనే ఉండిపోయాడు. కొండలెక్కడానికి ఒక ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్ కొన్నాడు. ఇక మా సైకిల్ గ్యాంగ్ ఆదివారాలన్నీ ఆ బండివే.

మేమంతా మోటార్ స్పీడ్ పెంచుకోవడం గురించి యూట్యూబ్ వీడియోలు చూసేవాళ్ళం. అన్న నవ్వేవాడు. "ముందు ఆగడం నేర్పండ్రా దానికి. పరిగెత్తడం దానికి ఎలాగూ వచ్చు."

అన్న అప్‌గ్రేడ్ చేసే వరస అదే. ఈ బండి మామూలు సైకిల్‌కి రెట్టింపు బరువు, కాబట్టి ముందు పెద్ద బ్రేకులు. తర్వాత మందమైన టైర్లు. రంగురంగుల హ్యాండిల్‌బార్లు, సోకులు అన్నీ ఆఖర్న. నేను సోకులతోనే మొదలుపెట్టానని నన్ను "పెళ్ళికొడుకా" అని పిలిచేవాడు.

బాల్కనీలో బండి విప్పి, బోల్టులన్నీ లలితక్క ఉప్మా పళ్ళెంలో పెట్టేవాడు. ఆవిడ తిట్టేది. మళ్ళీ ఆవిడే ఇంకో పళ్ళెం తెచ్చి ఇచ్చేది.

ఏ కొత్త పార్ట్ బిగించినా అక్క దానికి బొట్టు పెట్టాల్సిందే. అది ఆ ఇంటి పద్ధతి.

ఒక దసరాకి అక్క హనుమాన్ గుడి నుంచి నూనె కలిపిన సిందూరం తెచ్చింది. బ్రేకు పట్టుకునే ఇనప డిస్క్ కొత్తగా తళతళలాడుతోంది కదా, బొట్టు పెట్టడానికే చేశారనుకుని దాని మీద పెట్టేసింది. డిస్క్‌కి నూనె తగిలితే బ్రేకు జారిపోతుంది. పైగా అరుస్తుంది.

అదేం అరుపు! బేస్‌మెంట్ పార్కింగ్ అంతా మారుమోగింది. గార్డ్ పరిగెత్తుకొచ్చి, "అంకుల్, గాడీ మే బకరీ బాంధీ హై క్యా?" అన్నాడు, బండికి మేకని కట్టారా అని.

అన్న ఒక్క మాట అనలేదు. డిస్క్ శుభ్రంగా తుడిచి, కొత్త బ్రేక్ ప్యాడ్లు వేసుకుని, హ్యాండిల్ కింద చోటు చూపించి, "ఇక నీ బొట్టు ఇక్కడ, సరేనా?" అన్నాడు. అంతే.

మొన్న ఇంకా పెద్ద బ్రేకులు బిగించాడు. నిన్న బయలుదేరే ముందు అక్క బొట్టు పెట్టింది, చూపించిన చోటే. కానీ అదే చేత్తో బండి పట్టుకుని లిఫ్ట్‌లోకి ఎక్కించిందట. వేలు డిస్క్‌కి తగిలిందో లేదో ఆవిడకి గుర్తు లేదు.

కొత్త పార్ట్ వేశాక మొదటి రైడ్‌కి అన్న ఎవరినీ తీసుకెళ్ళడు. ఏదైనా తేడా వస్తే తనకే రావాలని. అందుకే నిన్న ఒక్కడే ఉన్నాడు.

బండి తేవడానికి నేనే వెళ్ళాను. ఆ పెద్దాయన చోటు చూపించాడు.

బండి పడిపోయి లేదు. గేర్లున్న వైపు పైకి వచ్చేలా, నెమ్మదిగా పడుకోబెట్టి ఉంది. గేర్లు నేలకి తగలకూడదని అన్న మా అందరికీ వందసార్లు చెప్పిన విషయమే. హెల్మెట్ పక్కన ఉంది. గ్లవ్స్ తీసి అందులో పెట్టి ఉన్నాయి.

డిస్క్ మీద ఎర్ర మరక లేదు. నేను ఆ బండెక్కి, అన్న దిగిన ఏటవాలులోనే దిగి బ్రేకు నొక్కాను. రాయిలా ఆగింది. చప్పుడు కూడా లేదు.

ఇప్పుడు బండి మా హాల్లో ఉంది. నిన్నటి రైడ్ ఇంకా దాని స్క్రీన్ మీదే ఉంది. రెజ్యూమ్ చెయ్యాలా, ఫినిష్ చెయ్యాలా అని అడుగుతోంది. నేను ఏదీ నొక్కలేదు. దాని వైపు వీపు పెట్టి కూర్చోలేకపోతున్నాను. రాత్రంతా చెవిలో బ్రేకు అరుపే, అరవని బ్రేకు అరుపు.

ఈ రోజు పొద్దున అక్కకి అంతా చెప్పాను. బ్రేకు పడింది అక్కా, అన్నే ఆపాడు, అన్నే దిగాడు, నీ వల్ల ఏమీ కాలేదు అని.

అక్క తలూపింది. మనసు తేలికపడిందనుకున్నాను.

"అయితే దిగారు," అంది. "బండి జాగ్రత్తగా పడుకోబెట్టారు. గ్లవ్స్ తీసి పెట్టారు. అంత టైమ్ ఉంది. మరి నాకెందుకు ఫోన్ చెయ్యలేదేటి తమ్ముడూ?"

సిగ్నల్ లేదేమో అందామనుకున్నాను. కానీ నిన్న నేను చేసిన ఫోన్ అక్కడే మోగింది.

ఇంటికి వచ్చేవాళ్ళు బ్రేకు మాట ఎత్తకండి. ఆ ప్రశ్న ఇప్పుడు అక్కకి లేదు. ఇప్పుడున్న ప్రశ్నకి జవాబు అన్న దగ్గరే ఉంది. ఊరికే పక్కన కూర్చోండి.

వెళ్ళిరా అన్నా. నువ్వున్న చోట నీకు హాయిగా ఉండాలి. ఒక్కసారి అక్క కల్లోకి వచ్చి, ఆ ఫోన్ సంగతి నువ్వే చెప్పు.