మెలాస్ కలిపిన ఇసుక

మిల్లు వైపు నుంచి మెలాస్, అదే చెరకు మడ్డి, మాడిన వాసన వస్తే ఇప్పటికీ మణికట్టు తడుముకుంటాను.

మా ఊరు బ్రిజే వెర్దియేర్‌లో మా తాత పాత అల్యూమినియం కరిగించి, లోపల బోలు కోసం ఇసుక ముద్ద పెట్టిన అచ్చుల్లో గిన్నెలు పోసేవాడు. నానమ్మ నా మణికట్టు పట్టుకునే ప్రాణం వదిలింది. ఆమె పోయాక కూడా ఆ పట్టు నాకు తెలుస్తూనే ఉండేది. ఆ నెలలో పోసిన గిన్నెలన్నీ చల్లారుతూ టప్పున చిట్లాయి.

"లోపలి ఇసుక గట్టిగా పట్టేసుకుంది, వదల్దు," అన్నాడు తాత.

ఇసుకకు చేతులుండవు కదా! పట్టుకున్నది నానమ్మేననుకున్నాను.

మర్నాడు ఆ లోపలి ఇసుకలో బంకమట్టికి బదులు మెలాస్ కలిపాడు. "ఇంక వదిలేత్తాది, అమ్మీ." నానమ్మకు తీపి పెడుతున్నాడనుకుని దణ్ణం పెట్టాను. ఆ గిన్నె చిట్లలేదు.

వేడికి మెలాస్ కాలి ఇసుక వదులవుతుందని, లోహం కుంచించుకోడానికి చోటు దొరుకుతుందని పెద్దయ్యాక తెలిసింది. నా మణికట్టు మీది పట్టు కూడా ఆ రోజే ఎందుకు వదిలిందో మాత్రం తెలియలేదు.