ఎడమకు వాలిన మడత

2004 ఫిబ్రవరి, మూడో బుధవారం. పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలు. గోడ గడియారం చూసి చెబుతున్నాను, అందాజుగా కాదు.

దయ్యాల మాట నా దగ్గర చెల్లదు. ముప్పై ఏళ్లు నిజామాబాద్‌లో బీడీలు చుట్టి బతికినదాన్ని. దయ్యమే ఎదురొస్తే దానికీ ఒక చాట, ఒక కట్ట తునికాకు ఇచ్చి పక్కన కూర్చోబెట్టేదాన్ని. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం రాస్తాను.

నా భర్త నర్సయ్య బోధన్ వైపు ఒక చక్కెర మిల్లులో సీజన్ కూలీ. ఎనభైల్లో దొంగచాటుగా ఒక బొమ్మల కథ గీసేవాడు. పేరు 'పిప్పి'. చెరుకుతోపాటు గానుగలో పడిన కూలీ ఒకడు పిప్పి మనిషై బయటికొచ్చి, పెద్దవాళ్లనందరినీ వెక్కిరిస్తూ ఇంటికి నడిచిపోతుంటాడు. స్నేహితులు దాన్ని సైక్లోస్టైల్ తీసి, బీడీ కట్టల మధ్య పెట్టి మోర్తాడ్, బాల్కొండ దాకా పంపేవాళ్లు. గీసినవాడి పేరు ఎక్కడా ఉండేది కాదు. దొరికితే పని పోతుంది, జైలు కూడా కావచ్చు.

నాకప్పుడు అక్షరం ముక్క రాదు. ఒకనాడు మా గల్లీలోకి పోలీసు జీపు వచ్చింది. నర్సయ్య మిల్లులో ఉన్నాడు. పెట్టెలో ఉన్న కాగితాలు తీశాను. బొమ్మలున్నవి పిల్లల ఆటలా కనబడ్డాయి. చివరి కాగితంలో బొమ్మే లేదు. అంచు నుంచి అంచు దాకా అక్షరాలే. చదువు రానిదానికి అక్షరాలంటేనే నోటీసు, కోర్టు. బొమ్మలన్నీ దాచి, ఆ ఒక్కదాన్ని పొయ్యిలో పెట్టాను. తీరా చూస్తే జీపు సైకిల్ దొంగ కోసం వచ్చిందట.

నర్సయ్య తిట్టలేదు. నెత్తి పట్టుకుని నవ్వాడు.

"ఓసి పిచ్చిదానా, మనల్ని పట్టిచ్చేటియన్ని దాసి గదొక్కటి కాలవెట్టినవా? గది జనానికి గాదే, నీకు రాసిన."

"నాకు సదువస్తదా మరి?"

"నేర్సుకో. మల్ల రాసిస్త."

ఆ సీజన్ ముగియకముందే కామెర్లతో పోయాడు. మళ్లీ రాయలేదు.

నలభై రెండేళ్ల వయసులో సాయంత్రపు బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను. బస్సు బోర్డులు చదవడానికి అనుకున్నారు అందరూ. నేను 'పిప్పి' చదివాను. ముప్పై ఒకటో పేజీలో పిప్పి మనిషి తన ఇంటి గడప మీద కూర్చుంటాడు. ముప్పై రెండో పేజీ లేదు. అందులో నాకేం చెప్పాడో తెలియక ఎన్నో ఏళ్లు నాలో నేనే నలిగాను.

సునీత వచ్చింది 2002లో. బోధన్ దగ్గర కాలువ కింద చెరుకు పండించే ఆంధ్రావాళ్ల అమ్మాయి. సినిమా చదువు చదివింది. వాళ్ల పొలంలో పనిచేసిన కూలీ దగ్గర 'పిప్పి' దొరికిందట. గీసిందెవరో కూడా అతనే చెప్పాడట. దాన్ని పూర్తి సినిమాగా తీస్తానంది. మనుషులతో కాదు, బొమ్మలతో. బొమ్మను వెంట్రుకవాసి కదిలించి ఒక ఫొటో, మళ్లీ కదిలించి ఇంకో ఫొటో. పన్నెండు ఫొటోలకు ఒక్క సెకను. బీడీ చుట్టడం కన్నా ఓపిక కావాల్సిన పని ఉందని నాకప్పుడే తెలిసింది.

"మామ్మగారూ, మీ వేళ్లు నాకు కావాలండి," అంది.

"మామ్మ ఎవలే నీకు? అవ్వ అను, అప్పుడు అస్తా," అన్నాను.

తీగకు పిప్పి చుట్టి, దారం బిగించి బొమ్మలన్నీ నేను, మా పక్కింటి గంగమణి చేశాం. పిప్పి మనిషి చేతికి వేళ్లు పెట్టలేదు. అంత చిన్నగా నావల్ల కాలేదు, ముద్దలా కట్టేశాను. భార్య బొమ్మ ఒళ్లో చాట, చాటలో బియ్యపు గింజంత బీడీలు. నిజం బీడీలకు మడిచినట్టు వాటి మూతులూ మడవలేదు. ఎవరికి కనిపిస్తాయిలే అనుకున్నాను.

ఆ బుధవారం చివరి సీను. కథకు ముగింపు లేదు గనుక, పిప్పి మనిషి గడప మీద కూర్చుని పొడిపొడిగా రాలిపోతాడని సునీత అనుకుంది. నాకు నచ్చలేదు, కానీ కాల్చినదాన్ని నేనే, ఏం మాట్లాడను? పదకొండు ఇరవైకి చాయ్ వచ్చింది. నలుగురం వాకిట్లోకి పోయాం. కెమెరా నొక్కే మీట ఫొటోలు తీసే కుర్రాడు బాషా జేబులోనే ఉంది. లోపల ఎవరూ లేరు. పది నిమిషాల్లో తిరిగొచ్చాం.

సునీత నోటుబుక్కులో రాసుకున్నవాటి కంటే కంప్యూటర్‌లో ముప్పై ఎనిమిది ఫొటోలు ఎక్కువున్నాయి. నడిపించి చూశాం. పిప్పి మనిషి ఎడమ చెయ్యి మెల్లగా లేచింది. పక్కనే కూర్చున్న భార్య చాటలోని ఒక బీడీ మీద వాలింది, కాసేపు ఆగింది, వెనక్కి వచ్చింది. మూడు సెకన్లు.

"బాషా, పరాచకాలా?" అంది సునీత.

"ఖుదా కసం అక్కా, చాయ్ గ్లాస్ తప్ప ఏం ముట్టలే."

గంగమణి చాట మీదికి వంగింది. ఒక బీడీ మూతి మడిచి ఉంది.

"అక్కా, గిది ఎడమ మడతనే! బీడీలు కొనే టేకేదార్ ఏరి పారేసెటోడు సూడు, గసొంటిదే. బావ మడత గాదె?"

నర్సయ్యది ఎడమ చేతివాటం. నా వేళ్లు నొప్పి పెట్టిన రోజుల్లో తలుపు గొళ్లెం పెట్టి, నేను చుట్టిన బీడీలకు మూతులు మడిచేవాడు. మగోడు చాట ముందు కూర్చుంటే గల్లీ నవ్వుతుందని గొళ్లెం. అతని మడత ఎడమకు వాలేది. ఈ సంగతి కథలో లేదు. బాషాకు, సునీతకు నేను చెప్పలేదు. గంగమణికి తెలుసు, కానీ ఆమె నా పక్కనే నిలబడి చాయ్ తాగింది. గాలి అనుకుందామంటే, గాలి బీడీ మూతి మడవదు.

"అవ్వా, ఈ ఫొటోలు తీసేయమంటారా?" సునీత నా వైపు తిరిగింది.

"తియ్యకు బిడ్డా. రాలగొట్టుడు వద్దు. గీడనే ఆపెయ్."

సినిమా అక్కడే ఆగుతుంది. కాలిన కాగితంలో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ చెయ్యి ఎలా కదిలిందో కూడా తెలియదు. ఆ రోజు నుంచి మాత్రం కాగితం కోసం ఏడవలేదు.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు: సునీత, బాషా, గంగమణి, రాజవ్వ అనే నేను. నర్సయ్య పేరు రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను.