లక్ష్మక్క ఒడిలో పడిన విత్తనం

లక్ష్మక్కకు సెంటు భూమి లేదు. కానీ కుందుర్పి మండలంలో ఆమె ఉండే పల్లెలో ఎవరి చేలో శెనక్కాయ విత్తనం పడాలన్నా మొదటి సాలు ఆమె చేతిమీదుగానే పడాలి.

ఎద్దులతో గొర్రు కట్టే కాలంలో విత్తనం వదిలే పని ఆడవాళ్లది. గొర్రు మీద చెక్క గిన్నె, దాని కింద వెదురు గొట్టాలు. ఎద్దుల నడకకు సరిగ్గా సరిపోయేట్టు గుప్పిట్లోంచి గింజలు జారవిడవాలి. ఎద్దు తడబడితే చెయ్యి ఆగాలి, ఎద్దు పరుగెత్తితే చెయ్యి పరుగెత్తాలి. లక్ష్మక్క పెళ్లయి వచ్చిన ఏడాది నుంచీ ఆ పని చేసింది. ఆమె వేసిన సాలు మొలిచినాక చూస్తే దారం పెట్టి కొలిచినట్టు ఉండేది. తర్వాత ట్రాక్టర్లొచ్చాయి, గొర్రులు కొట్టాల్లో అటకెక్కాయి. అయినా మొదటి సాలు ఆమెకే మిగిలింది. ట్రాక్టరు చేని గట్టున ఆగి ఉంటుంది. డ్రైవరు బీడీ కాలుస్తుంటాడు. లక్ష్మక్క కొంగు ఒడిగట్టి, విత్తనం పోయించుకుని, తూర్పుముఖంగా ఒక సాలు చేత్తో వేసి "ఇంక పోనీప్పా" అంటేనే ట్రాక్టరు కదులుతుంది.

ఇదంతా మూఢనమ్మకమని పట్నంలో ఎవరైనా అనవచ్చు. అనేముందు ఇంకో సంగతి వినాలి. విత్తనం చేలోకి పోయే ముందు ఆమె వంద గింజలు తీసుకుని, తడిపిన గోనెపట్టలో చుట్టి, మూడు రోజులు పొయ్యిపక్కన పెడుతుంది. మూడోరోజు విప్పి మొలకలు లెక్కపెడుతుంది. ఎనభైకి తగ్గితే "ఇది ముసలి విత్తనమప్పా, నూనె ఆడించుకో" అని మొహం మీదే చెప్పేస్తుంది. ఊరు నమ్మింది ఆ చేతిని, ఆ గోనెపట్టని కలిపి. ఆమె ఆస్తి అదొక్కటే.

ఒడికి కూడా ఒక కట్టుబాటు ఉంది. ఒడిలో పడిన విత్తనాన్ని కింద దులపకూడదు. భూమిలో వెయ్యాలి, లేదా ఇంటికి మోసుకుపోవాలి. దులిపితే ఆ ఏడు వాన కూడా ఊరిని దులిపేసుకుని పోతుందంటారు. ఈ మాట తెలియనివాళ్లు ఆ పల్లెలో లేరు. కుందుర్పిలో విత్తనాల అంగడి పెట్టుకున్న నాగేశ్వరకు కూడా బాగా తెలుసు.

పోయిన జూన్‌లో, వాన కోసం అందరూ పడమటికి చూస్తున్న రోజుల్లో, నాగేశ్వర ఆమె ఇంటి ముందు మోటార్‌సైకిల్ ఆపాడు.

"అక్కా, కొత్త కంపెనీ వచ్చినాది. మన ఊరి బీట్లో రైతు సంబరం పెడతాండారు. ఈసారి విత్తనం ఆకాశం నుంచి వస్తాది. నేరుగా నీ ఒడిలోకే."

"ఆకాశం నుంచి వాన రావల్లప్పా. విత్తనం నీ అంగడి నుంచి వచ్చినా చాలు."

నాగేశ్వర నవ్వాడు. "డ్రోనక్కా, డ్రోను. జీరంగి మాదిరి రొద పెట్టుకుంటా ఎగురుతాది. సుట్టూ నాలుగు మండలాల నుంచి జనం వస్తారు చూసేకి."

"సరే, ఒక పిడికెడు ముందుగా ఇయ్యి. పట్టలో కట్టి చూస్తా."

"అది కాదక్కా. ఆ పొద్దే విప్పల్ల ప్యాకెట్టు. ముందే విప్పితే నా డీలర్‌షిప్పు పోతాది."

"మొలక చూడకుండా నేను చెయ్యి పెట్టను, నాగేశ్వరా."

"చెయ్యి పెట్టమని ఎవురన్నారు? ఊరికే వచ్చి ముందు వరసలో కూకో. అంతే."

ఊరంతా పోయింది. లక్ష్మక్క కూడా పోయింది. షామియానా, పెద్ద పెద్ద స్పీకర్లు, పొట్లాల్లో ఉగ్గాని. బీడు మధ్యలో ఆరు చేతుల డ్రోను. దాన్ని ఎగరేసే మనిషి పేరు గంగాధర్, అనంతపురం వాడు, నలభై దాటినవాడు. ఒకప్పుడు పెళ్లి ఫోటోలు తీసేవాడు. ఫోన్లొచ్చి ఆ బతుకు పోయాక ఇందులోకి దిగాడు. ప్లాట్లు అమ్మేవాళ్ల దగ్గర పూలు చల్లాడు, పామిడిలో బట్టల దుకాణం తెరిచిన రోజు చాక్లెట్లు చల్లాడు. చుట్టూ మూగిన ఆడవాళ్లకు ఓపిగ్గా చెప్పాడు: "ఏం కట్టినా మోస్తాదమ్మా. ఏం మోస్తాందో దానికి తెలీదు."

పాట మొదలైంది. డ్రోను లేచింది. ఎర్రదుమ్ము గుండ్రంగా తిరిగింది. దూరంగా మేస్తున్న గొర్రెల మంద చెదిరిపోయింది. ముసలివాళ్లు తలగుడ్డలు పట్టుకుని నోరు తెరిచి చూశారు. అది జనం మీదుగా ఒక చుట్టు తిరిగి, లక్ష్మక్క నెత్తిమీదికి వచ్చి ఆగింది. రెక్కల గాలికి చీర ఎగిరిపోతుంటే రెండు చేతులా కొంగు పట్టుకుంది. అది ఒడిలా పరచుకున్న క్షణంలోనే పైనుంచి సంచి విడిచారు. దాని మూతి ముందే కోసి పెట్టి ఉంది. గింజలు ఒడినిండా పడ్డాయి.

"లక్ష్మక్క ఒడి నిండింది!" అని మైకులో ఎవరో అరిచారు. చప్పట్లు.

గింజలకు గులాబీరంగు మందు పట్టించి ఉంది. కొరికి చూడ్డానికి లేదు. ఒక గింజను గోటితో రెండు బద్దలు చేసింది. మొలక వచ్చే ముక్కు తెల్లగా ఉండాలి. గోధుమరంగుగా ఉంది. ఇంకొకటి చీల్చింది. అదీ అంతే. మూడోది, నాలుగోది. అయిదోది తెల్లగా ఉంది. మళ్లీ గోధుమరంగు.

"నాగేశ్వరా" అని పిలిచింది. రెక్కల రొద, పాట. ఆమె గొంతు పక్క కుర్చీకి కూడా చేరలేదు.

అరిచి చెప్పనక్కరలేదు. లేచి నిలబడి ఒడి దులిపితే చాలు. ఊరికి ఒక్క మాట అవసరం లేకుండా అర్థమయ్యేది. ఆమె లేచింది కూడా. సరిగ్గా అప్పుడు పడమట, గుట్టమీది గాలిమరల వెనక, ఆ ఏడాదికి మొదటి నల్లమబ్బు కనిపించింది. రెండేళ్లుగా సరైన వాన లేని ఊరు అది. ఆ మబ్బును చూస్తూ ఒడి దులపడానికి ఆమెకు చేతులు రాలేదు. గింజలు జారిపోకుండా కొంగు ఎదకు దగ్గరగా పట్టుకుంది. డ్రోనుకున్న కెమెరా ఆ పట్టుకోవడాన్ని పట్టుకుంది.

జనం లేచి బస్తాల కోసం వరస కట్టారు. వరసలో తిప్పేస్వామి చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది లక్ష్మక్క. అయిదెకరాల మెట్ట రైతు, ఏటా ఆమెను అందరికంటే ముందు పిలిచేవాడు.

"లోపల చెడిండాది తిప్పేస్వామీ. మూడు దినాలు ఆగు. పట్టలో కట్టి చూస్తా."

"నువ్వే ఒడిలో పెట్టుకోనుండావు కదక్కా!"

"పడింది. నేను పెట్టుకోలేదు."

"దులపలేదు గదా?"

తిప్పేస్వామి నవ్వేశాడు. "ఆగుతాంలే అక్కా. వాన రావల్ల గదా ముందు. అది మూడు దినాలకొస్తాదో, మూడు నెల్లకొస్తాదో."

ఆమె ఇంటికి మోసుకుపోయి వంద గింజలు తడిగోనెలో చుట్టింది. పొద్దు వాలకముందే వాన వచ్చింది.

ఆ ఎర్రనేలలో, ఆ గాలికి, ఒక వాన పదును, అంటే విత్తేంత తడి, రెండు రోజులే నిలుస్తుంది. గోనెపట్టకు మూడు రోజులు కావాలి. ఈ ఒక్క రోజు తేడాలోనే అనంతపురం మెట్ట రైతు బతుకంతా ఇరుక్కుని ఉంటుంది. ఆ సంగతి కంపెనీవాళ్లకు తెలుసు. తెలిసే వానమబ్బుల ముందు సంబరాలు పెడతారు.

తెల్లారగానే తిప్పేస్వామి గుమ్మంలో నిలబడ్డాడు. "రాక్కా. పదును పోతాది."

"ఇంకా మొలక తెలీదప్పా."

"తెలిసేసరికి నేల ఎండుతాది. నువ్వు రాకుంటే ట్రాక్టరు ఊరికే నిలబడిపోతాది. అందరూ నీకోసమే చూస్తాండారు. నీ ఒడి నిండినాకే కదా వానొచ్చింది!"

ఆమె పోయింది. తూర్పుముఖంగా నిలబడి, ఆ గులాబీరంగు గింజల్నే ఒక సాలు వేసింది. వేళ్లకు రంగు అంటుకుంది. "ఇంక పోనీప్పా" అంది. రెండు రోజుల్లో పన్నెండు చేలల్లో వేసింది. మూడోరోజు గోనెపట్ట విప్పింది. నూటికి ముప్పయ్యొకటి.

అప్పటికి ఊళ్లో విత్తనం పడని చేను లేదు.

ఎనిమిదో రోజుకు సాళ్లలో బారెడు బారెడు ఖాళీలు. తిప్పేస్వామి వేలితో మట్టి తవ్వి మెత్తబడిన గింజను తీసి చూశాడు. వాసన చూశాడు. కంపెనీ మనిషి ఒకాయన వచ్చి, లోతుగా వేశారని, పదును చాల్లేదని చెప్పి, చెప్పులకంటిన మట్టి దులుపుకుని పోయాడు. బస్తా మీద మొలకశాతం అచ్చుకావాల్సిన చోట డ్రోను బొమ్మ ఉంది. నాగేశ్వరను నిలదీయడానికి పోయినవాళ్లకు ఆయన ఫోను తీసి చూపించాడు.

"చూడండప్పా. మీ లక్ష్మక్కే ఎదకు హత్తుకోనుండాది. నన్నంటే ఏం లాభం?"

ఆ వీడియోను కోడలు భారతి తన ఫోన్లో అత్తకు చూపించింది. పైనుంచి తీశారు. వెనక పాట పెట్టారు. ఒడి, గింజలు, ఎదకు చేర్చుకున్న చేతులు.

"ఇదేంటికత్తా ఇట్ల పట్టుకున్నావు?"

"కింద పడతాయని" అంది లక్ష్మక్క.

ఊళ్లో ఎవరూ ఆమెను తిట్టలేదు. ఇంటికొచ్చి తిట్టి ఉంటే ఆమె కూడా తిరిగి నాలుగు అనేది, గోనెపట్ట తెచ్చి చూపించేది. పుబ్బ కార్తెలో ఇంకో వాన పడింది. ఖాళీ చేలల్లో ఉలవలు వేస్తున్నారు. లక్ష్మక్క పొద్దున్నే కొంగు బిగించుకుని గుమ్మంలో కూర్చుంది. తిప్పేస్వామి చేని దిక్కు నుంచి ట్రాక్టరు చప్పుడు వినిపించింది. ఆగి ఉన్న ట్రాక్టరు చప్పుడు వేరు, కదిలే ట్రాక్టరు చప్పుడు వేరు. అది కదిలే చప్పుడు. కాసేపటికి ఆమె కొంగు వదులు చేసుకుని లోపలికి పోయింది.

దసరా పోయాక కూలికి బయల్దేరింది. గార్లదిన్నె పక్క చీనీ, అదే బత్తాయి, తోటల్లో కాయ కోస్తున్నారంటే పదిమంది ఆడవాళ్లు కలిసి పోయారు. రెండోరోజు పొద్దున తోటకు నడిచిపోతుంటే రోడ్డువారన షామియానా, స్పీకర్లు. ఆ పైన డ్రోను. దానికింద వేలాడుతున్న బట్ట మీద అచ్చయిన లక్ష్మక్క. ఒడినిండా గులాబీరంగు గింజలు.

కూలి ఆడవాళ్లు ఆగిపోయారు. లక్ష్మక్క తిన్నగా గంగాధర్ దగ్గరికి నడిచింది. చేతిలో రిమోటుతోనే ఆయన గుర్తుపట్టాడు.

"అక్కా, నువ్వా! చూసినావా, ఎంత ఎత్తున ఉండావో!"

"దించప్పా."

"ఏంది?"

"నా మొగం. కిందికి దించు. ఆ విత్తనం మొలవలేదు. నూటికి ముప్పయ్యొకటి."

గంగాధర్ ఒకసారి షామియానా వైపు చూసి గొంతు తగ్గించాడు. "నా చేతిలో ఏముండాదక్కా? వాళ్లు ఎగరేయమన్నంతసేపు ఎగరేయల్ల. బ్యాటరీ అయిపోతే అదే దిగుతాది. ఇరవై నిమిషాలు."

ఆమె గట్టుమీద కూర్చుంది. తోట మేస్త్రీ దూరం నుంచి కేకలేస్తున్నాడు. బస్తా కొనుక్కుని పోతున్న ఒకామె, పేరు ఓబులమ్మ, ఆగి పైకి చూసి, ఆమెను చూసి, మళ్లీ పైకి చూసింది.

"నువ్వేనా యమ్మా అది? నీ చెయ్యి మంచిదంట కదా. మా బస్తా ఒకసారి ముట్టు తల్లీ."

లక్ష్మక్క రెండు చేతులూ కొంగులో దాచుకుంది. "వద్దమ్మా. అది మొలవదు. తిరిగిచ్చెయ్యి."

"మొలవకుంటే మరి పైన అట్ల నవ్వుతాండావే?" అని ఓబులమ్మ పకపకా నవ్వింది.

లక్ష్మక్క తలెత్తి చూసింది. గాలికి బట్ట సాగి, మూతి రెండు పక్కలకూ లాగినట్టుంది. "అది నవ్వు కాదమ్మా" అనేసరికి ఓబులమ్మ బస్తా నెత్తిన పెట్టుకుని ఆటో వైపు సాగిపోయింది.

ఇరవై నిమిషాలకు డ్రోను దిగింది. బట్ట దుమ్ములో మడతలు పడింది. లక్ష్మక్క గబగబా పోయి దాని అంచు పట్టుకుంది. ముడి విప్పుదామని చూస్తే, దారం కాదు, ఇనుప కొక్కెం. అది ఎలా తీయాలో ఆమెకు తెలియదు. ఈలోపు గంగాధర్ పాత బ్యాటరీ లాగి కొత్తది నొక్కాడు.

"పక్కకు జరుగక్కా" అన్నాడు, ఆమె ముఖం చూడకుండా. "రెక్కలు తగుల్తాయి."

రెక్కలు తిరగడం మొదలైంది. బట్ట ఆమె వేళ్ల సందునుంచి జారింది. ఆమె పక్కకు జరిగింది.