మా అంగడి ముందు స్పీడ్‌బ్రేకర్

ఆత్మకూరు నుంచి ఉదయగిరి వెళ్లే దారిలో, ఊరు దాటే చోట, మా అమ్మ ఇడ్లీ అంగడి నడిపేది. అక్కడ రోడ్డు పల్లం. బస్సులు, లారీలు మా ఇడ్లీల వంక చూడకుండానే దిగిపోయేవి. దాన్ని నాయన సొంత అవమానంగా తీసుకున్నాడు. మా వైపు అంగడి పెట్టినవాళ్లు బోర్డుకన్నా ముందు స్పీడ్‌బ్రేకర్ సంగతి చూసుకుంటారు. ఆయన కూడా ఎవరినీ అడక్కుండా కంకర, తారు తెప్పించి, సరిగ్గా మా గుమ్మానికెదురుగా ఒకటి వేయించాడు.

"ఇప్పుడెట్టా పోతారో చూస్తా," అన్నాడు.

పోలేదు. ప్రతి బండీ మా ముందుకొచ్చి కీచుమని బ్రేకు వేసేది. గిరాకీ పెరిగింది. దాంతోపాటు నల్లటి పొడి కూడా వచ్చింది. అమ్మ ఇడ్లీల మీద కప్పిన తెల్లగుడ్డ మధ్యాహ్నానికి బూడిద రంగుకు తిరిగేది. "పొయ్యి మసిలేరా," అనేది. మాది గ్యాస్ పొయ్యి. డిగ్రీ చదివినవాణ్ణి గనక నేను బస్సుల పొగ అన్నాను. ఏదైతేనేం, గుడ్డ కప్పింది ఇడ్లీలకే.

అమ్మకు దగ్గు పట్టుకుంది, వదల్లేదు. నెల్లూరులో డాక్టరు, "చుట్ట తాగుతారామ్మా?" అని అడిగాడు.

"లేదు సార్. మా ఆయన రోడ్డు మీద వేయించినాడే, దాని ముందర కూర్చుంటా."

విషయమంతా విని, పొగ ఒక్కటే కాదన్నాడాయన. బ్రేకు వేసినప్పుడల్లా ప్యాడ్లు అరిగి కంటికి ఆనని పొడి లేస్తుందట, ఊపిరితిత్తుల లోపలికంటా పోతుందట.

"జబ్బు దానివల్లేనా సార్?" అన్నాడు నాయన.

"దానివల్లే అని చెప్పలేం. అక్కడ మాత్రం కూర్చోబెట్టకండి."

ఇంటికి రాగానే నాయన గడ్డపార పట్టుకుని రోడ్డెక్కాడు. అమ్మ బల్ల మీద నుంచే పిలిచింది.

"ఊరుకోయ్యా, గిరాకీ పోతాది. నాకేం, బాగనే ఉండా."

కాపురం మొత్తంలో నాయన అమ్మ మాట విన్నది ఆ ఒక్కసారే. గడ్డపార గోడకు ఆనించాడు.

వానలు మొదలయ్యాక అమ్మ పోయింది. కర్మ అయిన మర్నాడు, మిట్టమధ్యాహ్నం ఎండలో నాయన ఒక్కడే దాన్ని తవ్వడం మొదలుపెట్టాడు. ఒక బస్సు డ్రైవరు బండి ఆపి, తల బయటపెట్టాడు.

"ఏంది పెద్దాయనా, ఎందుకు తవ్వతా ఉండావు?"

"మీరు ఆగకుండా పోవాలని."

ఇప్పుడెవరూ ఆగడం లేదు. నాయన మాత్రం పొద్దున్నే అంగడి తీసి, ఖాళీ ఇడ్లీ పాత్ర మీద ఆ గుడ్డే కప్పుతాడు. మధ్యాహ్నం తీసి వెలుతురుకు పట్టి చూస్తాడు.

"తెల్లగా ఉండాది గదరా," అంటాడు.

అంత తెల్లగా ఏం ఉండదు.

"ఉండాది నాయనా," అంటాను.