నిమ్మచెట్టు వైపు గొట్టం

గొట్టాల అతుకులు కారకుండా సఫేదా పూసి చుట్టే జనపనార వాసన ఇంకా వేళ్లను వదలలేదు. నిన్న ఆదివారం మా అద్దె ఇంట్లో పగిలిన వాష్‌బేసిన్ పీకి కొత్తది నేనే బిగించాను. స్పానరు, రంపం, రెండు బ్రాకెట్లు, ఒక వంపు గొట్టం, గుప్పెడు తెల్ల సిమెంటు, కావలసింది అంతే. పాలిటెక్నిక్ చదువు ఒక పూటకు పనికొచ్చింది. గొట్టం మరలకు నార చుడుతుంటే తాడిపత్రిలో మా నాయన చేతులు గుర్తొచ్చాయి.

అక్కడ మా పెరటి గోడకు ఆనించి నల్లరాతి తొట్టి ఉండేది. పొద్దున ముఖాలు, సాయంత్రం దుమ్ము కాళ్లు, ఉగాదికి ఓళిగలు కాల్చిన పెనం, శీకాయ కలిపిన గిన్నె అన్నీ అందులోనే కడిగేవాళ్లం. బియ్యం, కంది బ్యాళ్లు కడిగిన నీళ్లూ అందులోకే పోసేవాళ్లం. ఆ నీళ్లన్నీ గోడ బెజ్జం గుండా అవతల అమ్మ పెంచే నిమ్మచెట్టు పాదులోకి చేరేవి. బావులు అడుగంటే ఎండాకాలంలో చెట్టు కోసమని విడిగా చెంబెడు నీళ్లు తోడే ఇల్లు మా వీధిలో లేదు. ఒక ఏడు చెట్టు మొదటిసారి పూతకొచ్చింది. వచ్చే ఉగాది చిత్రాన్నంలోకి మన కాయలే అని అమ్మ అందరికీ చెప్పుకుంది.

బండల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేసే నాయన, అప్పుడే, కూల్చేసిన ఒక పాత బంగళా నుంచి తెల్లటి పింగాణి బేసిన్ తెచ్చాడు. మా ఇంట్లో కొళాయి లేదు. అయినా రాతి తొట్టిని గడ్డపారతో పెకలించి, బెజ్జం పూడ్చి, బేసిన్‌ను నడుమెత్తున నిలబెట్టి, గొట్టాన్ని బంగళాలో చూసినట్టే వీధి కాలువలోకి దించాడు. ఇరుగుపొరుగు చెంబులతో నీళ్లు తెచ్చుకుని మరీ అందులో ముఖం కడుక్కుని పోయారు.

కొన్నాళ్లకు నిమ్మ ఆకులు దోనెల్లా ముడుచుకున్నాయి. పూత రాలడం మొదలైంది.

"నీ బేసిను బాగుండాది గానీ, నా చెట్టు నోట్లో మన్ను కొట్టినావు," అంది అమ్మ.

"ఎండలకు అట్లనే ఉంటాదిలేమ్మే," అన్నాడు నాయన.

"పోయినేడు ఎండలు లేవా? నీళ్లు యాడికి పోతాండాయో పోయి చూడు."

నాయన వెళ్లి చూశాడు. వీధి కాలువలో ఎవరిదో మేక మా నీళ్లు తాగుతోంది. వచ్చి బెజ్జం మళ్లీ తొలిచాడు. ఊడదీసేటప్పుడు గొట్టం విరిగి మూరెడే మిగిలింది. అది బెజ్జాన్ని అందుకోవాలంటే బేసిన్‌నే మోకాలి ఎత్తుకు దించాల్సి వచ్చింది.

మర్నాడు దాని మీదికి బాగా వంగి ముఖం కడుక్కుంటున్న నాయనను పక్కింటి ఓబులేసు మామ గోడ మీంచి చూశాడు.

"ఏమన్నా, మొగం కడుక్కుంటాండావా, చెట్టుకు దండం పెడతాండావా?"

"రెండూలేప్పా," అన్నాడు నాయన, తల ఎత్తకుండానే.

చెట్టు బతికింది. రాలగా మిగిలిన పూతకు కాసినవి కొన్నే కాయలు. ఉగాది చిత్రాన్నంలో పులుపు చాలలేదు. అయినా అందరం మారు అడిగి తిన్నాం.

ఆ ఇంటి స్థలంలో ఇప్పుడు బండల గోదాము ఉంది. తొట్టి, బేసిన్, చెట్టు ఏవీ మిగలలేదు. నిన్న పని ముగించి, కొళాయి తిప్పి, అతుకులు కారడం లేదని తడిమి చూసుకున్నాను. తర్వాత, అవసరం లేకపోయినా, నీళ్లు ఎక్కడికి పోతున్నాయో చూడడానికి ఇంటి వెనక్కి వెళ్లాను. గొట్టం సిమెంటు కాలువలోకి దిగింది. కాలువ మీద బండలు పరిచి ఉన్నాయి. నీళ్ల చప్పుడు మాత్రం వినిపించింది.